వంట కాకముందే విస్తరి వేయరాదు

కంప్యూటరుకు తగిలించిన పరికరాన్ని నడిపే ప్రోగ్రామే డ్రైవర్. కార్బెట్, రుబిని, క్రోహ్-హార్ట్‌మన్ రచించిన ‘లినక్స్ డివైస్ డ్రైవర్స్’ మూడో కూర్పు (2005) ఈ విద్యలో పేరున్న గ్రంథం. లోపలి ఏర్పాట్లన్నీ పూర్తయ్యాకే డ్రైవర్ కెర్నెల్ వద్ద నమోదు కావాలని రెండో అధ్యాయం హెచ్చరిస్తుంది. ఎందుకంటే, నమోదైన మరుక్షణమే పిలుపు రావచ్చు. అప్పటికి బఫర్‌కు చోటు కేటాయించకపోతే యంత్రం మొత్తం నిలిచిపోవచ్చు. మధ్యలో ఒక మెట్టు విఫలమైతే, అంతవరకు చేసినవాటిని తిరుగు వరుసలో రద్దు చేసే పద్ధతినీ రచయితలు చక్కగా చూపారు.

అయితే ఒక లోటు ఉంది. ముఖ్య ఉదాహరణ ‘స్కల్’ కొంత మెమరీనే పరికరంగా తీసుకుంటుంది. వేరే పరికరం కొనకుండానే సాధన చేయవచ్చు, నిజమే. కాని మెమరీ ముక్క మరో డ్రైవర్ కోసం ఎదురుచూడదు. సెల్‌ఫోన్ తెర అలా కాదు. విద్యుత్తును, క్లాక్‌ను నియంత్రించే డ్రైవర్లు ముందుగా సిద్ధం కావాలి. అవి సిద్ధంగా లేకపోతే ‘తర్వాత మళ్లీ పిలవండి’ అని తప్పుకునే సదుపాయం 2012లో, లినక్స్ 3.4తో వచ్చింది. 2005 నాటి పుస్తకంలో అది ఉండదు. ఇది తెలియని విద్యార్థి కాస్త ఆలస్యం జోడించి తప్పు పోయిందనుకుంటాడు. మరో యంత్రంలో అదే తప్పు తిరిగి తలెత్తుతుంది.

కనుక రెండో అధ్యాయాన్ని శ్రద్ధగా చదవండి. మిగిలినది కెర్నెల్‌తో పాటు వచ్చే వివరణల్లో వెతకండి.