మూత్రపిండాలు పొరబడితే

దీర్ఘకాలిక గుండె వైఫల్యం అంటే గుండె ఆగిపోవడం కాదు, ఒంటికి కావలసినంత రక్తాన్ని తోడి పోయలేకపోవడం. ఎప్పటిదో గుండెపోటు, ఏళ్ల తరబడి ముదిరిన బీపీ, చిన్నప్పటి కీళ్లవాత జ్వరం పాడుచేసిన కవాటం... మొదలు ఏదైనా, తర్వాతి నడక చాలావరకు ఒకటే.

అసలు చిక్కు మూత్రపిండాల దగ్గర మొదలవుతుంది. గాయమై నెత్తురు పోయినా, గుండె నీరసించినా వాటికి తేడా తెలియదు. తమ దాకా వచ్చే రక్తం తగ్గిందన్నదే తెలుస్తుంది. వెంటనే రెనిన్ అనే ఎంజైమ్‌ను వదులుతాయి. దానివల్ల తయారయ్యే యాంజియోటెన్సిన్-2 రక్తనాళాలను బిగిస్తుంది. అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే ఆల్డోస్టెరాన్ ఉప్పును, దాని వెంట నీటిని బయటికి పోనివ్వదు. నెత్తురోడుతున్న మనిషికి ప్రాణం పోసే ఏర్పాటే ఇది. నెలలు, ఏళ్లు సాగితేనే ముప్పు.

మొదట్లో ఆ అదనపు నీరు మేలే చేస్తుంది. నిండి సాగినకొద్దీ గుండె కండరం గట్టిగా ముడుచుకుంటుందని స్టార్లింగ్ చెప్పిన సూత్రం ఇక్కడ పనిచేస్తుంది. కానీ జబ్బు గుండెలో ఆ వెసులుబాటు తొందరగా అయిపోతుంది. జఠరిక ఉబ్బి గుండ్రబడుతుంది, గోడలపై ఒత్తిడి పెరుగుతుంది, కండర కణాలు చచ్చినచోట నారపదార్థం పేరుకుంటుంది. మరోవైపు ఒత్తిడి హార్మోన్ నార్‌అడ్రినలిన్ అలసిన గుండెను ఇంకా అదిలిస్తూనే ఉంటుంది.

మిగిలిపోయిన నీరు సాయంత్రానికి కాళ్లలోకి దిగుతుంది. చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కి తీస్తే గుంట కాసేపు అలాగే ఉంటుంది. రాత్రి పడుకోగానే అదే నీరు రక్తంలోకి మళ్లి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. తల ఎత్తులో ఉంటేనే ఊపిరాడుతుంది. ‘ఎన్ని దిండ్లు వేసుకుంటున్నారు?’ అని డాక్టర్లు అడిగేది అందుకే. పరీక్షల పట్టీ ఎంత పొడవున్నా ఈ ప్రశ్న విలువ తగ్గలేదు.

గుండె ఊరుకోదు. సాగిన కర్ణికలు, జఠరికలు ఉప్పునీటిని బయటికి పంపించే హార్మోన్లను విడుదల చేస్తాయి. ఎలుక కర్ణికల సారాన్ని వేరే ఎలుకలకు ఎక్కిస్తే మూత్రం అమాంతం పెరిగిందని డి బోల్డ్ బృందం 1981లో చూపింది. ఇప్పటి బీఎన్‌పీ రక్తపరీక్ష కొలిచేది ఆ కుటుంబపు హార్మోన్‌నే. అయితే రెనిన్ జోరు ముందు వీటి బలం చాలదు.

ఈ చిత్రం తేటపడేకొద్దీ వైద్యం తలకిందులైంది. నార్‌అడ్రినలిన్ అదిలింపును అడ్డుకుని గుండెను నెమ్మదింపజేసే బీటా బ్లాకర్లు ఒకప్పుడు ఈ రోగులకు నిషిద్ధం. 1975లో స్వీడన్ వైద్యులు ధైర్యం చేసి కొద్దిమందికి ఇచ్చారు. ఇవాళ అవి వైద్యానికి మూలస్తంభాల్లో ఒకటి.

ఇదంతా ముడుచుకోలేని గుండె సంగతి. రోగుల్లో దాదాపు సగం మందికి ముడుచుకోవడం బాగానే ఉంటుంది. గోడలు బిరుసెక్కి, వదులై నిండడమే కష్టం. ఎకో కాగితం మీద పంపింగ్ మామూలుగానే 60 శాతం కనిపించినా, మెట్లెక్కితే ఆయాసం తప్పదు.