చెవి ఎముకకి తొందర పనికిరాదు

మన ఇళ్లల్లో చెవులు కుట్టించడమంటే చంటిబిడ్డ తమ్మెలు కుట్టించడమే. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుంటాడు, కంసాలి సన్నటి బంగారు తీగ దించి మెలి పెడతాడు, బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుంది, అంతలోనే మరిచిపోతుంది. కొబ్బరినూనె రాస్తూ ఉంటే నెలా రెండు నెలల్లో మానిపోతుంది. తరతరాలుగా ఇదే చూశాం కాబట్టి ఒంటిమీద ఏ రంధ్రమైనా ఇంతేననుకుంటాం. చెవి పైఅంచు అలా మానదు. ఇప్పుడు ఊరూరా ఆడపిల్లలు, మగపిల్లలు కూడా అక్కడే కుట్టించుకుంటున్నారు కనుక ఈ సంగతి వివరంగా రాయాలనిపించింది.

చెవి పైభాగాన కుట్టించుకోవడం మనకు కొత్త కాదు. మా అమ్మమ్మకి అక్కడ బావిలీలుండేవి. కుడిచెవిది ఎప్పుడో తీసేసింది. ఆ చోట రేగుపండంత గడ్డ మిగిలిపోయింది. దాన్ని జుట్టుతో కప్పి ముడి వేసుకునేది. ఉన్న నాలుగు ఫొటోల్లోనూ ఎడమ చెంపే కనిపిస్తుంది. అడిగితే "దిష్టి తగిలిందే" అనేది. ఇంట్లో ఎవరూ దాన్ని డాక్టరుకి చూపించాలనుకోలేదు.

నా చెవి పైఅంచున కుట్టింది ఒక నగల షాపులో. అబ్బాయి శుభ్రంగా గ్లవ్స్ వేసుకున్నాడు, పెన్నుతో చుక్క పెట్టి అద్దంలో చూపించాడు, చెవులు కుట్టే గన్ ఆనించాడు. టక్కుమంది, అయిపోయింది. "వారంలో మానిపోతుంది మేడమ్" అన్నాడు. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు, అతనికి నేర్పినవాళ్లు అదే చెప్పి ఉంటారు. కానీ ఆ మాట నిజం కాదు. తమ్మెకి 6 నుంచి 8 వారాలు పడితే, పైఅంచుకి 6 నెలల నుంచి ఏడాది పడుతుంది. అదీ అన్నీ సవ్యంగా సాగితే.

కారణం చెవి నిర్మాణంలోనే ఉంది. పైభాగంలో ఉన్నది మృదులాస్థి. మాటవరసకి ఎముక అంటాం గానీ, ఎముకకైనా రక్తనాళాలుంటాయి, దీనికి ఉండవు. పైన అంటుకుని ఉన్న పలచటి పొర నుంచి ఊరే పోషకాలతోనే బతుకుతుంది. గాయం మానాలన్నా, మందు చేరాలన్నా రక్తమే దారి. ఆ దారి ఇక్కడ సన్నం. పైగా గన్ పనిచేసేది స్ప్రింగు బలంతో. మొండి మొన ఉన్న దుద్దును కండలోంచి తోసేస్తుంది. తమ్మె మెత్తన కాబట్టి ఓర్చుకుంటుంది, మృదులాస్థి నలిగిపోతుంది. వెనక శీల బిగుతుగా ఉండి వాపుకి చోటివ్వదు. ప్లాస్టిక్ భాగాలున్న గన్‌ను ఆటోక్లేవ్‌లో పెట్టి శుద్ధి చేసే వీలు కూడా లేదు, స్పిరిట్‌తో తుడిచి ఊరుకుంటారు. చేయి తిరిగిన పియర్సర్లు వాడేది బోలు సూది. అది కోస్తుంది, నలపదు. ఒక మనిషికి వాడాక పారేస్తారు. వాపుకి చోటుండేలా కాస్త పొడుగు కడ్డీ వేసి, వాపు తీశాక పొట్టిదానికి మారుస్తారు. 1994లో అమెరికాలో ఏర్పడిన పియర్సర్ల సంఘం మృదులాస్థికి గన్ వద్దనే చెబుతోంది.

మొదటి వారాల్లో రంధ్రం చుట్టూ లేత పసుపు రసి కారి పొక్కు కట్టింది. రసి మామూలే, ఒళ్లు తన పని తాను చేస్తోందనడానికి గుర్తు. భయపడాల్సింది చీముకి. చిక్కగా, పచ్చగా, వాసనతో, చెవి కాలిపోతున్నట్టు వేడితో, రాత్రంతా సలుపుతో వస్తుంది. నాకు చీము రాలేదు గానీ, రంధ్రానికి వెనకవైపు ఎర్రటి బుడిపె లేచింది. హెల్మెట్ తగిలినా, తువ్వాలు దారం పట్టినా, ఆ పక్కకి తిరిగి పడుకున్నా తెల్లారేసరికి ఇంకాస్త ఉబ్బేది. అద్దంలో చూసుకున్నప్పుడల్లా అమ్మమ్మ ముడే గుర్తొచ్చేది.

చర్మ వైద్యురాలి దగ్గరికి మా అత్తయ్య తోడొచ్చింది. డాక్టరమ్మ భూతద్దం పెట్టి చూస్తూ, "దీనికి ఏమేం రాశారు?" అని అడిగింది. అత్తయ్య వేళ్లు మడుస్తూ చెప్పింది: పసుపు, కొబ్బరినూనె, డెట్టాల్, ఓ రాత్రి టూత్‌పేస్ట్, పక్కింటావిడ ఇచ్చిన ట్యూబు.

"ఇవన్నీ మానేయండి."

"మరి ఏం రాయమంటారమ్మా?"

"ఏమీ రాయొద్దు."

అత్తయ్య మొహం చిన్నబోయింది. ప్రేమ కొద్దీ రాసినవే అవన్నీ. డాక్టరమ్మ ఓపిగ్గా విడమరిచి చెప్పింది. పసుపు రేణువులు రంధ్రంలో ఇరుక్కుంటాయి. నూనె పొక్కును కప్పేసి లోపలి తడి ఆరనివ్వదు. డెట్టాల్, స్పిరిట్ కొత్తగా పుట్టే కణాలనే చంపుతాయి. మందుల షాపులో దొరికే నార్మల్ సెలైన్, అంటే 0.9 శాతం ఉప్పునీళ్లు, రోజుకి రెండుసార్లు పోసి గాజుగుడ్డతో తడి అద్దితే చాలు. దుద్దు తిప్పకూడదు. తిప్పితే అతుక్కోదని మనవాళ్లంటారు గానీ, తిప్పినప్పుడల్లా లోపల కొత్తగా అల్లుకున్న పొర చిరుగుతుంది.

"మీ ఇంట్లో ఎవరికైనా చెవి మీద గడ్డ ఉందా?" అనడిగింది. అమ్మమ్మ సంగతి చెప్పాను. అది కీలాయిడ్ అయి ఉండొచ్చంది. కీలాయిడ్ గాయం హద్దు దాటి పెరుగుతుంది. నెలల తర్వాత మొదలవుతుంది, దానంతటది తగ్గదు. ఉత్త కోతతో తీసేస్తే చాలామందికి మళ్లీ వస్తుంది, అందుకే స్టిరాయిడ్ ఇంజెక్షన్లు కలిపి చేస్తారు. కొన్ని కుటుంబాల్లో ఇది తరతరాలుగా వస్తుంది కూడా. నాది రంధ్రం అంచు దాటలేదు కనుక ఒరిపిడికి లేచిన బుడిపె మాత్రమేనని తేల్చింది. దుద్దు మార్పించి పొడుగు టైటానియం కడ్డీ వేయించింది. టైటానియమే ఎందుకంటే, సర్జికల్ స్టీల్‌లో నికెల్ ఉంటుంది, అది పడనివాళ్లకి పుండు మానడం మరీ కష్టం. మధ్యలో ఖాళీ ఉన్న దిండు మీద పడుకోవడం అలవాటు చేసుకున్నాను. బుడిపె కరగడానికి నెలలు పట్టింది.

ఈ కష్టాలు మన పూర్వులకి తెలియనివేం కావు. సుశ్రుత సంహిత సూత్రస్థానం 16వ అధ్యాయం చెవి కుట్టడం గురించే. బిడ్డకి ఆరో నెలలోనో ఏడో నెలలోనో కుట్టాలనీ, సూర్యకిరణం పడి వెలుగు కనిపించే చోట సూది దించాలనీ, రక్తం ఎక్కువ కారినా నొప్పి ఎక్కువైనా తప్పుచోట గుచ్చినట్టేననీ అందులో ఉంది. తప్పుచోట గుచ్చితే జ్వరం, వాపు, గడ్డలు వస్తాయని హెచ్చరించి, వాటికి చికిత్స కూడా చెప్పాడు సుశ్రుతుడు. గడ్డ లేస్తే దిష్టి అనుకుని ఊరుకోమని ఆయన ఎక్కడా రాయలేదు.

చీము పడితే మాత్రం ఇంటివైద్యం, మందుల షాపు సలహా రెండూ వద్దు. మృదులాస్థికి తరచుగా పట్టే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాకి మామూలుగా కొనుక్కునే అమాక్సిసిలిన్ పనిచేయదు. 2000లో అమెరికాలోని ఒరెగాన్‌లో ఒకే దుకాణంలో పైచెవి కుట్టించుకున్నవాళ్లకి వరసగా ఇదే సోకింది. తీరా చూస్తే అక్కడ వాడే క్రిమినాశిని సీసాలోనే ఆ బ్యాక్టీరియా ఉంది. కొందరి చెవులు ఆకారం పోయాయి. దుద్దు మనంతట మనం పీకేయడమూ ప్రమాదమే, పైచర్మం మూసుకుపోయి చీము లోపలే నిలిచిపోతుంది.

నగల షాపులవాళ్లకి నాదొక మనవి. గన్‌ను పైచెవి మీద పెట్టకండి. కుట్టడం రాకపోతే రాదని చెప్పి పంపించండి, ఎవరూ మిమ్మల్ని తక్కువగా చూడరు. కుట్టే ప్రతివాళ్లూ డబ్బు తీసుకునే ముందే "ఏడాది పడుతుంది" అని చెప్పాలి.

ఇంటర్ పిల్లల తల్లిదండ్రులకి ఇంకో మాట. నీట్ పరీక్షకి చెవిదుద్దులు, ముక్కుపుడకలు ఏవీ లోపలికి రానివ్వరు. పాత రంధ్రమైతే ఫర్వాలేదు. మానని రంధ్రంలోంచి తీస్తే కొన్ని గంటల్లోనే బిగుసుకుపోతుంది, మళ్లీ బలవంతాన దూరిస్తే పుండు మొదటికొస్తుంది. పిల్ల అడిగితే కాదనకండి. పరీక్ష అయ్యేదాకా ఆగి, సూదితో కుట్టేవాళ్ల దగ్గరికి మీరే తీసుకెళ్లండి.