ఎండినా పచ్చివే

కోతల కాలంలో కోదాడ, సూర్యాపేట వైపు నుంచి సన్నాలు కోత మిషన్ దిగి నేరుగా ట్రాక్టరెక్కి మిర్యాలగూడ మిల్లులకు వస్తాయి. వాటిని పచ్చి వడ్లంటారు. గుప్పిట పడితే చల్లగా, అరచేతికి అంటుకున్నట్టు ఉంటాయి. అవే సర్కారు కొనుగోలు కేంద్రానికి పోవాలంటే తేమ 17 శాతం దాటకూడదు. రైతు కల్లంలోనో రోడ్డు మీదో ఆరబోసి కావలి కాయాల్సిందే.

అలా ఎండిన వడ్లను ఉడకబెట్టకుండా మర ఆడిస్తే వచ్చేవి పచ్చి బియ్యం! నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తే ఉప్పుడు బియ్యం. కల్లంలో పచ్చి అంటే ఆరనిది, మిల్లులో పచ్చి అంటే ఉడకనిది. ఈ తేడా చిన్నదేం కాదు. యాసంగి ఎండలకు గింజ లోపలే పగులుతుంది, పచ్చి బియ్యంగా ఆడిస్తే నూకలెక్కువ, అందుకే ఆ వడ్లను ఉప్పుడు బియ్యంగా ఆడిస్తారు. కేంద్రం ఉప్పుడు బియ్యం తీసుకోబోమన్నందుకే 2022 ఏప్రిల్ 11న అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్ ఢిల్లీలో ధర్నాకు కూర్చున్నారు.

వృత్తుల మాటలు రాసుకోవడం నాకు ఏళ్లనాటి అలవాటు. 'పచ్చి'కి తడిది, ఉడకనిది, పండనిది అని అర్థాలు పేర్చుకుంటూ పోతే లాభం లేదు. ఆ చోట ఇంకా ఏ పని మిగిలిందో అడగాలి. పచ్చి ఇటుక ఎంత ఎండినా బట్టీ ఎక్కలేదు. పచ్చి పాలు పొయ్యి ఎక్కలేదు. పచ్చిపులుసు మాత్రం పొయ్యి ఎక్కకుండానే పూర్తయిన వంట, అందుకే నాకు ఆ మాటంటే మరీ ఇష్టం. పచ్చి బాలింత ఇంకా కోలుకోవాలి.

పచ్చి అబద్ధం దగ్గర ఈ లెక్క ఆగిపోతుంది. అక్కడ మిగిలిన పనేమీ లేదు, పైన కప్పిందీ ఏమీ లేదు. పచ్చికి ఫ్రెంచివాళ్ల మాట 'క్రూ' కూడా ఇలాగే నడిచింది: కాచని పాలు, మొహమాటం లేని మాట, కళ్లలో పొడిచే వెలుతురు, చివరికి జీను లేని గుర్రపు స్వారీ కూడా ఆ మాట కిందికే వస్తాయి.

ఇలాంటి పని మాటలను పోగుచేసిన భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ వృత్తి పదకోశం 1962లో వచ్చింది. ఊరూరా తిరిగి రైతుల నోట విని కూర్చిన పని అది. కోత మిషన్లు, డ్రయ్యర్లు మన పొలాలకూ మిల్లులకూ ఆ తర్వాత వచ్చాయి. వాటి చుట్టూ పుట్టిన మాటలు మిర్యాలగూడ హమాలీల దగ్గర, బాయిలర్ పనివాళ్ల దగ్గర ఉన్నాయి. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు వచ్చే వానాకాలం కోతలకే విద్యార్థులను అక్కడికి పంపాలి.