యంత్రశిశువు ఏడుపు

న్యూజీలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో మార్క్ సాగర్, ఆయన సహచరులు రూపొందించిన 'బేబీ ఎక్స్' తెరమీద కనిపించే పసిబిడ్డ. కెమెరా దాని కన్ను, మైక్రోఫోను దాని చెవి. మెదడు పనితీరును అనుకరించే గణిత నమూనాలే దాని ముఖాన్ని నడుపుతాయి. మెచ్చుకుంటే లోపల డోపమిన్ లెక్క పెరిగి నవ్వుతుంది. ఎదుటివారు కనుమరుగైతే కలత పెరిగి ఏడుస్తుంది. పూర్వం తెరబొమ్మల నవ్వును చిత్రకారుడు ముందుగానే గీసి ఉంచేవాడు. ఇక్కడ అది అప్పటికప్పుడు లోపలినుండి పుడుతున్నది. ఈ కృషిని తేలికగా త్రోసిపుచ్చరాదు.

మెదడుకు ఇట్లా పటం గీయడం ముస్లిం తత్త్వవేత్తలకు క్రొత్త కాదు. 1037లో మరణించిన ఇబ్నె సీనా అంతరింద్రియాలు ఐదని చెప్పి, ఒక్కొక్కదానికి మెదడు గదులలో చోటు చూపాడు. గొర్రెకు తోడేలు రంగు, ఆకారం కంటితో తెలుస్తాయి. దాని శత్రుత్వం కంటికి అందదు. దానిని గ్రహించే శక్తి 'వహ్మ్' అన్నాడాయన. (ఆ గదుల శాస్త్రం నేడు చెల్లదు. ప్రశ్న మాత్రం చెల్లుతుంది.) గొర్రె భయం వెనుక దాని ప్రాణమున్నది. బేబీ ఎక్స్ ఏడుపు వెనుక ఏమున్నది? ఒక సంఖ్య హద్దు దాటింది, అంతే. పాలందకపోయినా ఆ బిడ్డ చావదు.

ఈ కృషినుండి 2016లో వెలసిన వ్యాపారసంస్థకు 'సోల్ మెషీన్స్', అనగా ఆత్మయంత్రాలు అని పేరు పెట్టారు. ఐదు శక్తులకూ మెదడులో చోటిచ్చిన ఇబ్నె సీనాయే నఫ్సె నాతిఖాను ఏ అవయవంలోనూ బంధించలేదు. ఆ జాగ్రత్త ఈ పేరులో లేదు. ఆ సంస్థ ముఖాలు బ్యాంకు ఖాతాదారులతోనూ మాట్లాడాయి. ఆ చిరునవ్వు వెనుక సంతోషించేవారెవరూ లేరని ఖాతాదారునికి ముందే చెప్పవలసి ఉండగా, పేరే అందుకు విరుద్ధంగా పలుకుతున్నది.