ప్రతిభను తూచిన త్రాసు: టెర్మన్ పరిశోధనపై ఒక విమర్శ

"పువ్వు పుట్టగనే పరిమళించును" అనునది తెలుగు సామెత. బుద్ధిశాలియగు బిడ్డను వెదకనక్కర లేదు, ఆ బిడ్డయే తన్ను తాను చాటుకొనును అని దీనికి అర్థము చెప్పుకొని పలువురు పెద్దలు నిశ్చింతగా ఉందురు. ఈ విషయమును ఊహకు వదలక లెక్కలతో తేల్చబూనిన వారిలో ముఖ్యుడు అమెరికా దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు లూయీ టెర్మన్. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా ఉండి 1921లో ఆయన ప్రారంభించిన పరిశోధన ‘జెనెటిక్ స్టడీస్ ఆఫ్ జీనియస్’ అను పేరుతో 1925 మొదలు 1959 వరకు ఐదు సంపుటములుగా వెలువడెను. కడపటి సంపుటము వెలువడు నాటికి టెర్మన్ జీవించి లేడు, 1956లో మరణించెను. ప్రతిభావంతులగు పిల్లలను గూర్చి వ్రాయువారు నేటికిని ఈ గ్రంథములను పేర్కొనుచునే ఉన్నారు. కనుక ఇవి ఏమి నిరూపించినవి, ఏమి నిరూపింపలేదు అనునది ఉపాధ్యాయులు తెలిసికొనుట అవసరము.

టెర్మన్ వాడిన కొలబద్దకు మూలము పారిస్ నగరమున కలదు. 1905లో ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ అనువారు చదువులో వెనుకబడి ప్రత్యేక సహాయము కావలసిన పిల్లలను గుర్తించుటకు ఒక పరీక్షను తయారు చేసిరి. ప్రజ్ఞ ఎన్నటికిని మారని రాశి అనుటను బినే అంగీకరింపలేదు. తగిన శిక్షణచేత దానిని పెంపొందింపవచ్చునని ఆయన అభిప్రాయము. టెర్మన్ ఆ పరీక్షను 1916లో సవరించి, ప్రజ్ఞాలబ్ధి అను సంఖ్యను విరివిగా ప్రచారములోనికి తెచ్చెను. మానసిక వయస్సును శారీరక వయస్సుతో భాగించి 100తో గుణించిన వచ్చునది ప్రజ్ఞాలబ్ధి. 10 ఏండ్ల బాలుడు 13 ఏండ్ల వారికి తగిన ప్రశ్నలకు సమాధానము చెప్పగలిగినచో అతని ప్రజ్ఞాలబ్ధి 130 అగును. ఈ సంఖ్య చాల వరకు పుట్టుకతోనే నిర్ణయమగునని టెర్మన్ విశ్వసించెను. సహాయము కావలసిన వారిని కనుగొనుటకు పుట్టిన పరీక్ష ఇట్లు మనుష్యులను శ్రేణులుగా విభజించు సాధనమయ్యెను.

1921లో టెర్మన్ సహాయకులు కాలిఫోర్నియా నగరములలోని పాఠశాలలకు వెళ్లిరి. తరగతిలో మిక్కిలి తెలివిగలవారు ఎవరు, వారి తరువాతివారు ఎవరు, అందరికంటె చిన్నవయస్సు గలవారు ఎవరు అని ఉపాధ్యాయులను అడిగిరి. ఆ విధముగా పేర్కొనబడిన పిల్లలకు పరీక్షలు పెట్టి, సుమారు 140 ప్రజ్ఞాలబ్ధిని హద్దుగా ఉంచుకొని ఎన్నిక చేసిరి. కొందరి విషయమున హద్దును 135 వరకు తగ్గించిరి. చివరకు 1,528 మంది ఈ పరిశోధనలో చేరిరి. వారి చదువులు, ఆరోగ్యము, ఉద్యోగములు, వివాహములు మొదలగు విషయములు అనేక దశాబ్దములు సేకరింపబడెను.

ఈ కృషి వలన కలిగిన మేలు మొదట చెప్పవలెను. మిక్కిలి తెలివిగల పిల్లలు దుర్బలులనియు, చపలచిత్తులనియు, పెద్దవారైన పిదప కాంతిని కోల్పోవుదురనియు ఆ కాలమున గట్టి నమ్మకము ఉండెను. టెర్మన్ ఎన్నుకొన్న పిల్లలు ఆరోగ్యమునందు గాని నడవడియందు గాని ఇతరులకు తీసిపోలేదు. సగటున కొంచెము మెరుగుగనే ఉండిరి. ఆ మూఢవిశ్వాసము పోవుటకు ఈ గ్రంథములే ముఖ్య కారణము.

ఉపాధ్యాయులు గమనింపదగిన మరియొక విషయము మొదటి సంపుటమున ఉన్నది. ఒక తరగతిలో ప్రజ్ఞాలబ్ధి అధికముగా గల బిడ్డను ఒకే ఉపాయముతో కనుగొనవలసి వచ్చినచో, ఉపాధ్యాయుని అభిప్రాయముకంటె హాజరుపట్టీలో అందరికంటె చిన్న వయస్సు గల బిడ్డ పేరే ఎక్కువ నమ్మదగినదని టెర్మన్ తేల్చెను. దీనికి కారణము కష్టమైనది కాదు. ఉపాధ్యాయుడు పిల్లలను తరగతిలోని తోటివారితో పోల్చును గాని వయస్సుతో పోల్చడు. 12 ఏండ్ల బాలుడు, 9 ఏండ్ల బాలిక ఒకే లెక్కను ఒకే విధముగా చేసినపుడు ఇద్దరికిని సమానముగా మార్కులు పడును. బాలిక మూడేండ్లు ముందున్నదను సంగతి మార్కులలో కనబడదు. అదిగాక, చెప్పినమాట వినుట, అందమైన చేతివ్రాత, చురుకుగా జవాబు చెప్పుట అనునవి ప్రజ్ఞగా తోచుట సహజము.

ఇక లోపములు. ఉపాధ్యాయుల తీర్పు నమ్మదగినది కాదని తేల్చిన టెర్మనే తన పరిశోధనకు వారి తీర్పును ద్వారముగా చేసికొనెను. ఉపాధ్యాయుడు పేర్కొనని బిడ్డకు సాధారణముగా పరీక్షయే లేదు. ఎన్నికైన వారిలో అధికులు పట్టణములలోని మధ్యతరగతి శ్వేతజాతి కుటుంబముల వారు. సుమారు మూడవవంతు మంది తండ్రులు వైద్యము, న్యాయవాదము, బోధన వంటి విద్యావృత్తులలో ఉన్నవారు. ఆనాటి జనాభాలో అట్టి వృత్తులవారు కొద్దిమంది మాత్రమే. దీనిని టెర్మన్ వంశపారంపర్య ప్రజ్ఞకు నిదర్శనముగా గ్రహించెను. ఆ ఇండ్లలో పుస్తకములును, తీరికయు, చదివిన తల్లిదండ్రుల మాటలును కూడ ఉండెనను విషయమునకు తగిన విలువ ఇయ్యలేదు. రెండు కారణములు కలిసి ఉన్నచోట ఒకదానినే ఎంచుకొని ఫలితమును దానికి అంటగట్టుట శాస్త్రపద్ధతి కాదు.

ఈ పొరపాటు 1926 నాటి రెండవ సంపుటమున మరింత స్పష్టముగా కనబడును. దానిని క్యాథరిన్ కాక్స్ రచించెను. గతించిన 300 మంది మహామేధావుల జీవితచరిత్రలను చదివి వారి బాల్యపు ప్రజ్ఞాలబ్ధిని అంచనా కట్టుట అందలి పని. విద్యుచ్ఛాస్త్రమునకు పునాదులు వేసిన మైకేల్ ఫారడేకు అందు లభించిన బాల్యపు సంఖ్య 105, యౌవనమునకు 150. ఫారడే పేద కమ్మరి కొడుకు; పుస్తకములు కుట్టు దుకాణమున పని నేర్చినవాడు. అతని బాల్యమును వ్రాసి పెట్టినవారు లేరు. వ్రాతలు లేనిచోట అంచనా సగటు దరికి దిగిపోయినది. ఇక్కడ కొలువబడినది ఫారడే బుద్ధి కాదు, అతని కుటుంబపు స్థితి.

విలియం షాక్లీ, లూయీ అల్వారెజ్ అను ఇద్దరు కాలిఫోర్నియా బాలురు టెర్మన్ పరీక్షకు వచ్చి, హద్దును అందుకొనలేక విడిచిపెట్టబడిరి. షాక్లీకి ట్రాన్సిస్టర్ పరిశోధనకుగాను 1956లోను, అల్వారెజ్‌కు కణభౌతిక శాస్త్రమున 1968లోను నోబెల్ బహుమానము లభించెను. ఎన్నికైన 1,528 మందిలో ఒక్కరికిని ఆ బహుమానము రాలేదు. ఇందువలన పరీక్ష నిరర్థకమనుట అన్యాయము. అంత అరుదైన సాధనను బాల్యముననే చెప్పగల పరీక్ష ఏదియు లేదు. హద్దుకు దిగువనున్న బిడ్డలో ప్రతిభ లేదని పరీక్ష చెప్పలేదు. పరీక్షను వాడినవారు అట్లు భావించుటయే దోషము.

టెర్మన్ గ్రంథములలో మిక్కిలి విలువైన సాక్ష్యము టెర్మన్ సిద్ధాంతమునకే అనుకూలముగా లేదు. 1947 నాటి నాలుగవ సంపుటమున, జీవితమున ఎక్కువ సాధించిన పురుషులను, తక్కువ సాధించిన పురుషులను రెండు వర్గములుగా పోల్చి చూచిరి. బాల్యపు ప్రజ్ఞాలబ్ధిలో వారికి తేడా స్వల్పము. పట్టుదల, ఆత్మవిశ్వాసము, తల్లిదండ్రుల చదువు, ఇంటిలో లభించిన ప్రోత్సాహము అనువానిలో తేడా అధికము. స్త్రీల విషయము ఇంకను స్పష్టము. అంతే ప్రజ్ఞాలబ్ధి గల బాలికలలో దాదాపు సగము మంది గృహిణులుగానే ఉండిపోయిరి. సంఖ్య ఒకటే, అవకాశము వేరు. గుర్తింపు మాత్రమే చాలదని ఇంతకంటె గట్టిగా చెప్పు ప్రయోగము మరియొకటి కనబడదు.

భారతదేశమున శ్రీనివాస రామానుజన్ చరిత్ర ఇదే విషయమును చెప్పును. ఆయన ప్రతిభను ఎవరును గుర్తింపలేదనుట సరికాదు. కుంభకోణం ఉన్నత పాఠశాలలో 1904లో గణితమునకు బహుమతి లభించెను. కళాశాలలో ఉపకార వేతనము కూడ దొరికెను. కాని ఆంగ్లమున తప్పినందున ఆ వేతనము పోయెను. 1905లో ఇల్లు విడిచి విశాఖపట్టణమునకు వెళ్లిపోయెను. తరువాత మదరాసులో ఎఫ్.ఏ. పరీక్షయు తప్పెను. కొన్నేండ్ల పిదప నెల్లూరు కలెక్టరుగా నున్న ఆర్. రామచంద్రరావు ఆయన నోటుపుస్తకములను చూచి నెలకు 25 రూపాయల సహాయము ఏర్పరచెను. 1913లో మదరాసు విశ్వవిద్యాలయము నెలకు 75 రూపాయల వేతనము ఇచ్చెను. అన్ని విషయములలో నెగ్గినవానికే సహాయమను నియమము ఒక గణితవేత్త జీవితములో విలువైన సంవత్సరములను హరించినది.

స్వతంత్ర భారతమున ఈ పాఠమును కొంతవరకు గ్రహించిరి. 1963లో ఢిల్లీలో 10 ఉపకార వేతనములతో ప్రారంభమై, 1964లో దేశమంతటికి 350గా విస్తరించిన జాతీయ విజ్ఞాన ప్రతిభాన్వేషణ పథకమున వ్రాతపరీక్షతోపాటు విద్యార్థి స్వయముగా చేసిన ప్రాజెక్టు నివేదికకును స్థానము ఉండెను. 1976లో పథకము ఇతర శాస్త్రములకు విస్తరించెను. కాని వ్యాసము, ప్రాజెక్టు నివేదిక తొలగి వాని స్థానమున గుర్తులు పెట్టు పరీక్షలు వచ్చెను. వేలమందిని పరీక్షించుటకు ఇది సులభమే. అయితే స్వయముగా ఒక ప్రశ్న వేసికొని నెలలతరబడి దానిని వెంటాడగల బిడ్డను అట్టి పరీక్ష కనిపెట్టజాలదు. 2021లో ఆమోదపు గడువు ముగియగా ఆ పథకము నిలిచిపోయెను. తెలుగు నాట 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో స్థాపింపబడిన గురుకుల పాఠశాల వేరొక మార్గము చూపెను. గ్రామములలోని తెలివిగల పేద పిల్లలను ఎన్నుకొని, వారికి తిండి, వసతి, చదువు ఒకేచోట సమకూర్చుట దాని ఉద్దేశము. గుర్తింపును, పోషణను విడదీయకుండుట అందలి మేలు.

అందరిని పరీక్షించినచో ఏమగునను ప్రశ్నకు ఇటీవలి సమాధానము ఒకటి ఉన్నది. ఫ్లోరిడా రాష్ట్రమున బ్రొవార్డ్ కౌంటీ పాఠశాలలలో 2005లో, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు పేర్కొన్నవారిని మాత్రమే గాక రెండవ తరగతి పిల్లలందరిని పరీక్షించు పద్ధతిని ప్రవేశపెట్టిరి. పేద కుటుంబముల నుండియు, నల్లజాతి, హిస్పానిక్ కుటుంబముల నుండియు ఎన్నికైన పిల్లల సంఖ్య గణనీయముగా పెరిగెనని డేవిడ్ కార్డ్, లారా జూలియానో 2016లో ప్రకటించిరి. ఆ పిల్లలు అంతకు ముందును అవే బల్లలపై కూర్చుండిరి; వారిని పేర్కొన్నవారు లేరు.

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు ప్రజ్ఞా పరీక్షలు లేకయే చేయదగినవి కొన్ని ఉన్నవి. హాజరుపట్టీలో వయస్సును చూడవచ్చును. పాఠములో లేని ప్రశ్నను అడిగిన బిడ్డ పేరు వ్రాసి ఉంచుకొనవచ్చును. ఒక విషయమున మాత్రమే రాణించు విద్యార్థికి ఆ విషయమునకు సంబంధించిన పుస్తకము ఇచ్చి, తక్కిన విషయములలో తప్పిపోకుండ తోడ్పడవచ్చును. పదవ తరగతితో చదువు మాన్పింపబోవు బాలిక తల్లిదండ్రులతో మాటలాడవచ్చును. ఈ సంవత్సరము కనబడని బిడ్డను వచ్చే సంవత్సరము మరల చూడవలెను.

టెర్మన్ గ్రంథములు చదువదగినవే. ఐదు సంపుటములలోని లెక్కలు విలువైనవి. వానిపై కట్టిన వంశపారంపర్య సిద్ధాంతము బలహీనమైనది. ప్రతిభ కొందరిలో ముందుగా, కొందరిలో ఆలస్యముగా, కొందరిలో ఒకే విషయమున కనబడును. ఒక్క పరీక్షనాటి సంఖ్యను ఆధారముగా గొని బిడ్డకు సహాయము నిరాకరించుటకు ఆ గ్రంథములలోని ఏ లెక్కయు అనుమతి ఇయ్యదు.