రాయీ రాతా ఒకే గీత

స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయం తోటలో ఒక పాతరాయి నిలబడి ఉంది. ఉప్లాండ్ ప్రాంతంలోని మోర్బీ అనే ఊరిది. శాసనాల పట్టికలో దాని గుర్తు యు 489. దానిమీద ఒక పొడవాటి పాము మెలికలు తిరిగి కనిపిస్తుంది. పాము ఒంటినిండా అక్షరాలే. గుల్లోగ్ అనే తల్లి, చనిపోయిన కూతురు గిల్లోగ్ ఆత్మ కోసం వంతెన కట్టించిందనీ, ఆ కూతుర్ని ఉల్ఫ్ పెళ్ళాడాడనీ ఆ అక్షరాలు చెబుతాయి. చివర ఇంకో చిన్న వాక్యం ఉంది: ఓపిర్ చెక్కాడు.

తొమ్మిది వందల ఏళ్ళు దాటాక కూడా ఒక శిల్పి పేరు మనకు తెలియడం అదృష్టం. అతని పనితనం ఇప్పటికీ ఆరుబయట కళ్ళముందు నిలిచి ఉండడం అంతకన్నా పెద్ద అదృష్టం. వైకింగులనగానే ఓడలూ దోపిడీలూ గుర్తొస్తాయి. రూనులనగానే మంత్రతంత్రాలు గుర్తొస్తాయి. వైకింగుల కాలం నాటి ఇలాంటి రూను రాళ్ళలో ఎక్కువభాగం మాత్రం పల్లె రైతుకుటుంబాలు తండ్రి కోసమో, కొడుకు కోసమో, భార్య కోసమో నిలబెట్టుకున్నవి. వాటిని చెక్కినవాళ్ళు బొమ్మనూ రాతనూ విడదీయలేనంతగా కలిపేశారు. ఆ కలపడంలోని నేర్పు గురించే ఈ నాలుగు మాటలు.

ముందు లిపి సంగతి. ఉత్తర ఐరోపా జెర్మానిక్ ప్రజలు లాటిన్ లిపికి ముందు వాడుకున్న అక్షరాలే రూనులు. పాత వరుసలో 24 ఉండేవి. వైకింగుల కాలం వచ్చేసరికి అవి 16కు తగ్గాయి. భాషలో శబ్దాలు పెరుగుతున్న కాలంలో అక్షరాలు తగ్గడం వింతే. ఒకే గుర్తు కకారానికీ గకారానికీ, ఇంకో గుర్తు తకారానికీ దకారానికీ సరిపెట్టుకోవాల్సి వచ్చింది. చదివేవాడికి ఇది కష్టం, చెక్కేవాడికి మాత్రం సుఖం. దాదాపు ప్రతి అక్షరానికీ ఒకే నిలువు గీత, దానికి ఒకటో రెండో ఏటవాలు కొమ్మలు. అక్షరాలు చెక్కే పట్టీ, అంటే పాము ఒళ్ళు, ఎటు వంగితే అటు ఆ నిలువు గీతల్ని వరుసగా పేర్చుకుంటూ పోవచ్చు. గుండ్రటి అక్షరాలతో ఇంత సులువుగా ఒంపులు తిరగడం కుదరదు.

స్కాండినేవియా మొత్తంమీద రూను రాళ్ళు దాదాపు 3,000 ఉన్నాయి. వాటిలో అత్యధికం స్వీడన్‌లోవే. ఒక్క ఉప్లాండ్ ప్రాంతంలోనే వెయ్యికి పైగా దొరికాయి. అవి ముఖ్యంగా పదకొండో శతాబ్దానివి. పాత నమ్మకాలు వెనక్కి తగ్గి క్రైస్తవం వేళ్ళూనుకుంటున్న రోజులవి. అందుకే చాలా రాళ్ళ నడుమ శిలువ ఉంటుంది, చుట్టూ పాము ఉంటుంది. రెండింటికీ ఆ శిల్పి మనసులో పేచీ ఉన్నట్టు కనిపించదు.

ఇక పని ఎలా సాగేదో చూద్దాం. రాయి ఎక్కువగా గ్రానైటో, అలాంటి మరో గట్టి రాయో. మంచుయుగంలో హిమానీనదాలు అరగదీసి నునుపు చేసిన ముఖం ఉన్న బండను ఎంచుకునేవాళ్ళు. దాన్ని నలుపలకలుగా చదును చేసే ప్రయత్నం సాధారణంగా కనబడదు. పైన కోసుగా ఉంటే కోసుగానే, పక్కకు ఒరిగితే ఒరిగినట్టే వాడుకున్నారు. ఇనుప ఉలి, సుత్తె పట్టుకుని, మొనతో చుక్క పక్కన చుక్కగా కొట్టుకుంటూ పోతే ఆ చుక్కలన్నీ కలిసి ఒక గాడి అవుతుంది. గ్రానైట్‌లో తప్పు కొడితే దిద్దుబాటు లేదు. కొన్ని రాళ్ళమీద ముందు మరిచిపోయిన అక్షరాన్ని తరవాత పట్టీ అంచున ఇరికించిన జాడలు ఉన్నాయి. వాటిని చూస్తే పని ఎంత జాగ్రత్త కోరేదో అర్థమవుతుంది.

ఉలి పట్టకముందే అసలు కష్టం మొదలవుతుంది. శిల్పి చేతిలో ఒక వాక్యం ఉంది. ఫలానావాళ్ళు ఫలానా తండ్రి జ్ఞాపకార్థం ఈ రాయి నిలబెట్టించారు అన్నది మామూలు వరస. నలుగురు కొడుకులుంటే వాక్యం పెరుగుతుంది. దారిలో వంతెన కట్టించి ఉంటే ఇంకొంచెం పెరుగుతుంది. ఎదుట ఒక రాయి ఉంది, దాని ఆకారం మారదు. ఆ వాక్యం మొత్తం పట్టేంత పొడవున్న పామును ఆ రాతిముఖంలో ఇముడ్చాలి. తల, తోక ఒకచోట పెనవేసుకోవాలి. ఎడమ బరువుకు కుడి బరువు సరిపోవాలి. అక్షరాలు అయిపోయాక పాము మిగలకూడదు, పాము అయిపోయాక అక్షరాలు మిగలకూడదు. మన వాకిట్లో మెలికల ముగ్గు వేసే ఇల్లాలు చుక్కల చుట్టూ గీతను తెగకుండా తిప్పి మొదలుపెట్టిన చోటికే తెచ్చి కలుపుతుంది. ఆ గీత లోపల ఒక కుటుంబం కథను అక్షరం పొల్లు పోకుండా రాయమంటే ఎలా ఉంటుందో, ఈ పని అలాంటిది.

అందుకు వాళ్ళ దగ్గర కొన్ని ఉపాయాలు ఉండేవి. ఒక మాట చివరి అక్షరం, తరవాతి మాట మొదటి అక్షరం ఒకటే అయితే ఒక్కసారే చెక్కేవాళ్ళు. జంట హల్లుకు ఒక్క రూను చాలు. హల్లు ముందు వచ్చే అనునాసికాన్ని తరచు వదిలేసేవాళ్ళు. మాటల మధ్య చిన్న ఇంటూ గుర్తో రెండు చుక్కలో పెట్టేవాళ్ళు. చోటు ఎక్కువుంటే వాటిని ధారాళంగా పెట్టవచ్చు, చోటు చాలకపోతే మానేయవచ్చు. ఇవన్నీ చదువరి ఎరిగిన అలవాట్లే గనక అర్థానికి లోటు లేదు. పామును ఎక్కడ సాగదీయాలో, వాక్యాన్ని ఎక్కడ కుదించాలో తెలిసినవాడే ఆ రోజుల్లో మంచి చేయి ఉన్నవాడు. అక్షరాలు రాని చేతులు పైపై రూపాన్ని అనుకరించిన రాళ్ళు కూడా ఉప్లాండ్‌లో ఉన్నాయి. వాటిమీద పాము ఉంటుంది, రూనుల్లాంటి గీతలుంటాయి, అర్థం మాత్రం రాదు. పక్కపక్కన చూస్తే అసలు పనివాళ్ళ విలువ రెట్టింపవుతుంది.

వాళ్ళలో పేర్లు తెలిసినవాళ్ళు ఎందరో. ఓస్మండ్ కోరెసన్, ఫోట్, బల్లే, ఓపిర్ ముఖ్యులు. ఓస్మండ్ పదకొండో శతాబ్దం తొలిసగంలో పనిచేశాడు. సుమారు 20 రాళ్ళమీద అతని సంతకం ఉంది. ఓపిర్ శతాబ్దం చివరివాడు. దాదాపు 50 రాళ్ళమీద తన పేరు చెక్కుకున్నాడు. ఈ ఇద్దరి మధ్య నడిచిన రెండు తరాల్లో గీత ఎలా మారిందో గమనిస్తే ఆ కళ ఎదుగుదల అంతా తెలుస్తుంది. స్వీడిష్ పురాతత్వవేత్త అన్న-సోఫీ గ్రేస్‌లుండ్ పాము తలలు, కాళ్ళు, తోకలు, మెలికల తీరు పట్టి ఈ రాళ్ళను వరుసలుగా విభజించింది. పాము తలను పైనుంచి చూసినట్టు చెక్కినవి ఒక వర్గం. పక్కనుంచి చూసినట్టు చెక్కినవి కాలక్రమంలో ఐదు వర్గాలు. ఈ పద్ధతివల్ల సంవత్సరం రాసి లేని రాళ్ళకు కూడా సుమారు కాలం చెప్పడం సాధ్యమైంది.

ఓస్మండ్ పట్టీలు నిండుగా, బిగువుగా ఉంటాయి. పాము తన రాతిని గట్టిగా చుట్టుకుని ఉన్నట్టు అనిపిస్తుంది. ఓపిర్ దగ్గరికి వచ్చేసరికి ఆ బిగువు సడలి గీతకు ఊపిరి వచ్చింది. నార్వేలోని ఉర్నెస్ కొయ్య చర్చి గోడమీది చెక్కడాల వల్ల ఈ శైలికి ఉర్నెస్ అని పేరు. దాని రహస్యం వెడల్పుల తేడాలో ఉంది. అక్షరాలు మోసే పెద్ద పాము వెడల్పుగా ఉంటుంది. దాని సందుల్లోంచి సన్నటి చిన్న పాములు దూరి బయటికి వస్తాయి. ఒక్కో మెలిక ఎనిమిది అంకెలా వదులుగా తిరుగుతుంది. రెండు గీతలు కలిసినచోట ఒకటి పైనుంచి, తరవాతి కలయికలో కిందనుంచి పోతుంది. ఆ పైకిందుల క్రమం సరిగ్గా నడిచినంతసేపూ చదునైన రాతిమీద లోతు ఉన్నట్టే కంటికి తోస్తుంది. మెలికల మధ్య వదిలిన ఖాళీలు కూడా లెక్క ప్రకారం వదిలినవే. గాడి లోతు పిసరంత, అది కలిగించే భ్రమ మాత్రం చాలా పెద్దది.

రాతనూ బొమ్మనూ కలపడంలో శిఖరం అనదగ్గది ఉప్లాండ్‌కు దక్షిణాన, సోదర్మాన్‌లాండ్‌లో ఉంది. రామ్సుండ్ దగ్గర పరుపుబండమీద 1030 ప్రాంతంలో చెక్కిన చిత్రమది. వెడల్పు దాదాపు 4.7 మీటర్లు. సిగ్రీద్ అనే ఆమె భర్త హోల్మ్‌గేర్ ఆత్మ కోసం వంతెన కట్టించిందన్నది దానిమీది రాత. బొమ్మ మాత్రం సిగుర్డ్ అనే వీరుడి కథ. ఇక్కడ శిల్పి ఆలోచన చూడండి. అక్షరాలు మోస్తున్న పాము వట్టి అలంకారంగా మిగలలేదు, కథలోని ఫాఫ్నిర్ అనే డ్రాగన్ అదే. కింద నిలబడిన సిగుర్డ్ తన కత్తిని పైకి పొడుస్తాడు. ఆ కత్తి అక్షరాల పట్టీలోకే దిగుతుంది. లోపలివైపు మిగతా కథ నడుస్తుంది. డ్రాగన్ గుండెను కాలుస్తూ చేయి చురుక్కుమని సిగుర్డ్ బొటనవేలు నోట్లో పెట్టుకుంటాడు. దాంతో పక్షుల మాట అతనికి అర్థమవుతుంది. పక్షులు చెట్టుమీద ఉన్నాయి. ద్రోహం తలపెట్టిన కమ్మరి రేగిన్ తల తెగి, తన పనిముట్ల పక్కనే పడి ఉన్నాడు. బంగారం మోసే గుర్రం చెట్టుకు కట్టి ఉంది. ఒక భార్య పెట్టించిన జ్ఞాపకశాసనమూ ఒక వీరగాథా ఒకే పాము ఒంటిమీద ఒకదాన్నొకటి అడ్డుకోకుండా నిలిచాయి.

ఇంకో దారి కూడా ఉండేదని డెన్మార్క్‌లోని యెల్లింగ్ రాయి చూపిస్తుంది. 965 ప్రాంతంలో హరాల్డ్ బ్లూటూత్ రాజు తల్లిదండ్రులు గోర్మ్, తూరాల పేరిట నిలబెట్టిన మూడుముఖాల బండ అది. ఎత్తు 2.43 మీటర్లు. ఇందులో రాత పాము ఒంటిమీద పాకదు. పుస్తకపు పుటలోలాగా అడ్డవరుసల్లో సాగుతుంది. మిగతా రెండు ముఖాలమీద ఒకవైపు పాముతో పెనుగులాడే పెద్ద మృగం, మరోవైపు తీగల నడుమ చేతులు చాచిన క్రీస్తు. డేన్లను క్రైస్తవులుగా చేశానని చెప్పుకున్న రాజుకు లాటిన్ గ్రంథాల పద్ధతి నచ్చి ఉండవచ్చు. ఠీవిలో యెల్లింగ్‌కు సాటి లేదు. అక్షరమే ఆకారమైపోయే ఆ చిత్రమైన ఐక్యత మాత్రం నాకు ఉప్లాండ్ రైతుల రాళ్ళలోనే ఎక్కువ కనిపిస్తుంది.

ఈ చేతుల్ని మరింత దగ్గరగా చూసే సాధనం మన కాలంలో దొరికింది. లైలా కిట్స్‌లర్ ఓఫెల్ట్ అనే పరిశోధకురాలు రాతి గాళ్ళను లేజర్ స్కానర్‌తో కొలిచి, గాడి వాలునూ, ఉలి దెబ్బల మధ్య దూరాన్నీ పోల్చడం మొదలుపెట్టింది. ఒక్కో మనిషి ఉలి పట్టే కోణానికీ దెబ్బ వేసే లయకూ అలవాటు ఉంటుంది. ఆ అలవాటు రాతిలో దిగిపోతుంది. ఒకే రాతిమీద ఒకటికి మించిన చేతులు పనిచేశాయని కొన్నిచోట్ల ఈ పద్ధతి వల్లే బయటపడింది. అంటే గురువు పక్కన శిష్యులో తోటి పనివాళ్ళో ఉండేవాళ్ళన్నమాట. 2023లో వెలువడిన పరిశోధన ఇదే పద్ధతిలో యెల్లింగ్ పెద్దరాయిని చెక్కిన చేయి రావ్నుంగె-తూవెదని తేల్చింది. లేబోర్గ్ అనే చోటి రాతిమీద తన పేరు చెక్కుకున్న మనిషి అతనే. ఒక దేశపు అతి ప్రసిద్ధమైన రాతికి శిల్పి పేరు వెయ్యేళ్ళ తరవాత ఉలి దెబ్బల లయను బట్టి దొరకడం నన్ను ఎంతో కదిలించింది.

రంగుల గురించి చెప్పకపోతే ఈ పరిచయం సగమే అవుతుంది. ఇవాళ బూడిదరంగులో కనిపించే ఈ రాళ్ళు ఒకప్పుడు రంగులు పూసుకుని ఉండేవి. గోడల్లోనూ పునాదుల్లోనూ ఇరుక్కుని ఎండావానా తగలని ముక్కలమీద ఎరుపు, నలుపు ఆనవాళ్ళు దొరికాయి. రాళ్ళు రూనులతో ఎరుపెక్కాయని సోదర్మాన్‌లాండ్‌లోని ఓవర్‌సేలో అనే చోటి శాసనం తానే చెప్పుకుంటుంది. గోట్‌లాండ్ దీవిలోని పిల్గార్డ్స్ రాయి తనకు పూసిన మెరిసే రంగుల మాటతోనే మొదలవుతుంది. దూరాన ద్నీపర్ నది సుడుల దాకా వెళ్ళిన మనిషి జ్ఞాపకార్థం అన్నదమ్ములు నిలబెట్టించిన రాయి అది. పట్టీకి ఒక రంగు, అక్షరానికి ఇంకో రంగు వేస్తే చిక్కుముడిలా కనిపించే మెలికలు కూడా విడివిడిగా తెలిసిపోతాయి. రంగు ఆ రాత చదవడానికే తోడ్పడేది.

స్టాక్‌హోమ్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. ఈ రాళ్ళు వాళ్ళకు కూతవేటు దూరంలోనే ఉన్నాయి. నగరపు శివారు టెబీలో యార్లబాంకె అనే ఆసామి బతికుండగానే తన పేరిట నిలబెట్టుకున్న రాళ్ళున్నాయి. స్కాన్సెన్ ప్రదర్శనశాల ఆవరణలో ఓస్మండ్ చెక్కిన ఓల్‌స్టా రాయి రంగులతో సహా నిలబడి ఉంది. వెళ్ళేవాళ్ళకు ఒక మనవి. పొద్దు వాలే వేళకు వెళ్ళండి. ఏటవాలు వెలుగులో గాళ్ళు నీడలు పట్టి స్పష్టంగా కనిపిస్తాయి. పలకమీది అనువాదం వెంటనే చదవకండి. పాము తల ఎక్కడుందో వెతికి, అక్కణ్ణుంచి తోకదాకా కంటితో ఒకసారి నడవండి. ఎక్కడ పైనుంచి పోయింది, ఎక్కడ కిందనుంచి దూరింది, అక్షరాలు ఎక్కడ దగ్గరపడ్డాయి, ఎక్కడ వదులయ్యాయి అని చూడండి. వాక్యం పొడవుకూ రాతి ఆకారానికీ మధ్య ఆ శిల్పి చేసుకున్న ఒప్పందం మొత్తం మీకు అక్కడే దొరుకుతుంది.

అప్పుడు అనువాదం చదవండి. ఫలానావాళ్ళు ఫలానా తండ్రికి పెట్టించారన్న మామూలు మాటే ఉంటుంది. మాట మామూలుదే అయినా అది నిలిచిన తీరు అసామాన్యం. పెట్టించినవాళ్ళ పేరుతోపాటు చెక్కినవాడి పేరూ రాతిమీద ఉండడం న్యాయమేనని చూసినవాళ్ళెవరైనా ఒప్పుకుంటారు. ఓపిర్, ఓస్మండ్‌ల వంటివాళ్ళను ఐరోపా మహాశిల్పుల వరుసలో నిలబెట్టి చదువుకోవాలని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి సాక్ష్యం ఉప్లాండ్ దారుల పొడుగునా నిలిచే ఉంది, ఎవరైనా వెళ్ళి చూసుకోవచ్చు.