చిన్న షాపు, పెద్ద గేటు

విశాఖలో ఐటీఐ పాసైన కుర్రాడికి ఇంట్లోవాళ్లు చూపించే దారి ఒక్కటే: ఎలాగైనా పెద్ద కంపెనీలో పడాలి. ఆ ఆశలో తప్పు లేదు. ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ అంటూ 1966లో ప్రాణాలిచ్చి ఫ్యాక్టరీ సాధించుకున్న ఊరు ఇది. షిప్‌యార్డు, రిఫైనరీ, స్టీల్‌ప్లాంటు జీతాల మీదే మల్కాపురం నుంచి గాజువాక దాకా ఎన్ని ఇళ్లు లేచాయో! అయితే పెద్ద ఫ్యాక్టరీలోనూ, చిన్న షాపులోనూ టర్నరుగా చేసినవాణ్ని కనుక చెబుతున్నాను, నా చేతికి పని వచ్చింది మాత్రం ఆటోనగర్‌లో ఒక చిన్న లేతు షాపులోనే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. ఫిషింగ్ హార్బర్ బోట్లకు పెద్ద రిపేర్లన్నీ ఆ 61 రోజుల్లోనే. ప్రొపెల్లర్ షాఫ్టు, అరిగిన గన్‌మెటల్ బుష్ ఆటోలో వేసుకుని బోటు ఓనరే షాపుకొచ్చేవాడు. డ్రాయింగ్ ఉండదు. షాఫ్టు ఎక్కడ ఎంత అరిగిందో మైక్రోమీటరు పెట్టి మనమే తేల్చుకోవాలి. బుష్ బోరు బిగువైతే షాఫ్టు పట్టేస్తుంది, వదులైతే కొట్టుకుంటుంది. ఆఖరి కోత మిల్లీమీటరులో పదోవంతు కూడా ఉండదు. సరిగ్గా అప్పుడే ఓనరు మీదికి వంగి, ‘‘ఏటి తమ్ముడూ, సరిపోద్దంటావా?’’ అనేవాడు. జవాబు చెప్పాల్సింది మనమే, అడ్డుపెట్టుకోవడానికి ఇంకో డిపార్టుమెంటు లేదు. పని నేర్పింది ఆ ప్రశ్నే.

పెద్ద ఫ్యాక్టరీలో డ్రాయింగ్ వస్తుంది, స్టోర్స్ నుంచి మెటీరియల్ వస్తుంది, కొలవడానికి ఇన్‌స్పెక్షన్ వాళ్లు ఉంటారు. నేను తీసిన షాఫ్టు ఏ మెషీన్లో పడిందో నాకు తెలిసేది కాదు. కానీ అక్కడ భద్రత ఉంది: రిపేరుకు మెషీన్ మీద చెయ్యి వెయ్యాలంటే పర్మిట్ ఉండాలి, కరెంటు తీసి తాళం వెయ్యాలి. చిన్న షాపులో కళ్లద్దాలు మేకుకు వేలాడుతూ ఉండేవి, పెట్టుకోమన్నవాళ్లు లేరు. పదిమంది పనివాళ్లు లేనిచోట ఈఎస్ఐ తప్పనిసరి కాదు, ఇరవైమంది లేనిచోట పీఎఫ్ తప్పనిసరి కాదు. వేలు తెగితే వైద్యం ఆచరణలో యజమాని మంచితనం మీద ఆధారపడుతుంది. ఇది అన్యాయం.

పని నేర్పేది చిన్న షాపు, రక్షణ ఇచ్చేది పెద్ద కంపెనీ. అందుకే పిల్లలకు నేను చెప్పేది: మొదటి రెండు మూడేళ్లు చిన్న షాపులో చెయ్యండి, చెయ్యి తిరిగాక పెద్ద కంపెనీకి వెళ్లండి. కాంట్రాక్టరు కింద వెళ్తుంటే మాత్రం పీఎఫ్ నంబరు, ఈఎస్ఐ కార్డు చేతికిచ్చాకే పనిలోకి దిగండి. పెద్ద గేటు లోపలే పర్మినెంటు మనిషి పక్కన నిలబడి, అదే వేడిలో, అంతకన్నా బాగా తక్కువ కూలికి చేసేవాళ్లు ఈ ఊళ్లో వేలమంది.

పెద్ద కంపెనీల పర్చేజ్, ఫైనాన్స్ అధికారులకూ ఒక విన్నపం. మీ జాబ్‌వర్కు చేసే చిన్న షాపులో జీతాల తేదీని నిర్ణయించేది మీ టేబుల్ మీద ఉన్న బిల్లే. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం 45 రోజులు దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ కట్టాలి. మళ్లీ ఆర్డరు రాదేమోనన్న భయంతో ఆ వడ్డీ అడగని యజమానులను నేను చూశాను. వాళ్లు అడిగేదాకా ఆగకండి, గడువు లోపలే బిల్లు పాస్ చెయ్యండి.